చదరంగపు గడులలోని మహాసంఖ్య



సాహిత్యసభలో గణితమన్న మాట వినబడగానే కొందరి ముఖములు చిన్నవగుట సహజము. పగలంతయు కార్యాలయమున పద్దులతోను పట్టికలతోను కాలము గడపి, సాయంకాలమున నాలుగు తెలుగు మాటలు వినగోరి వచ్చినవారికి మరల అంకెలనే వడ్డించుట న్యాయమా అని ఎవరైన అడుగవచ్చును. అయినను నేటి ప్రసంగమునకు విషయమైన సంఖ్య పద్దుల పుస్తకములో పుట్టినది కాదు. అది ఒక కథలో పుట్టినది. ఒక తెలుగు పద్యములో నిలిచినది. ఐరోపాలో ఒక మహాపండితుని విశ్వాసమును తలక్రిందులు చేసిన అంశమును తనలో దాచుకొన్నది. ఆ సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

దీనిలో ఇరువది అంకెలున్నవి. మాటలలో చదువవలెనన్న ఇట్లు చదువవలెను: ఒక లక్ష ఎనుబది నాలుగువేల నాలుగువందల అరువదియేడు కోట్ల కోట్లు, నలువది నాలుగు లక్షల ఏడువేల మూడువందల డెబ్బది కోట్లు, తొంబదియైదు లక్షల ఏబదియొక వేయి ఆరువందల పదునైదు. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున ఇరువదినాలుగు స్థానములకు పేర్లు చెప్పెను. ఆ వరుసలో ఈ సంఖ్య యొక్క మొదటి అంకె నిలుచు ఇరువదవ స్థానమునకు మహాశంఖమని పేరు.

కథ అందరును ఎరిగినదే. చదరంగమును కల్పించిన మేధావిని రాజు మెచ్చి వరము కోరుకొమ్మనెను. మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు ప్రతి గడిలోను అంతకు ముందరి దానికి రెట్టింపుగా అరువదినాలుగు గడులను నింపి ఆ ధాన్యము నిప్పింపుడని అతడు వేడెను. ఇంత అల్పమైన కోరికయా అని రాజు నవ్వెను. లెక్క తేలిన పిమ్మట ఆ నవ్వు నిలువలేదు. పదమూడవ శతాబ్దమున ఇబ్న్ ఖల్లికాన్ అను చరిత్రకారుడు ఈ కథను వ్రాసి, తనకును మొదట సందేహమే కలిగెననియు, అలెగ్జాండ్రియా నగరమునకు చెందిన ఒక లెక్కల గుమాస్తా గణించి చూపిన పిమ్మటనే నమ్మితిననియు చెప్పెను. పదునారవ గడిలో 32,768 గింజలు. ఆ గుమాస్తా వానిని ఒక కొలతగా గ్రహించి, కొలతలనుండి గాదెలకును, గాదెలనుండి నగరములకును రెట్టింపు సాగించెనట. కథ చెప్పినవాడు చరిత్రకారుడు. నమ్మించినవాడు లెక్క వ్రాయువాడు.

ఆ ధాన్యరాశి ఎంతటిది? గ్రాము తూకమునకు స్థూలముగా నలువది బియ్యపు గింజలని గ్రహించినచో, మొత్తము నలువదియారు వేల కోట్ల టన్నులకు పైగా నగును. ఇటీవలి సంవత్సరములలో ప్రపంచమంతటను ఏటా పండు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైబడియున్నది. భూమి మీది రైతులందరును ఒక్క గింజయైన తినక, అమ్మక ఎనిమిది తొమ్మిది వందల ఏండ్లు ఆ రాజు గాదెకే పోసినచో ఋణము తీరును.

పరిమాణమును గూర్చిన ఈ ఆశ్చర్యము ఒక్క నిమిషముతో తీరిపోవునది. అంతటి సంఖ్యను ఎవరును గింజ గింజగా లెక్కింపలేదు, లెక్కింపలేరు. ఒకడు సెకండునకు ఒక గింజ చొప్పున లెక్కించినను సుమారు 58,450 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము పుట్టి గడచినది సుమారు 1,380 కోట్ల సంవత్సరములే అని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. అట్లయినచో ఆ ఇరువది అంకెలలో ఒక్కటియు తప్పు కాదని మనుష్యుడు ఎట్లు చెప్పగలుగుచున్నాడు? విచారింపదగిన ప్రశ్న ఇదియే.

మొదటి మెట్టు చాల సులభము. గడులన్నిటిలోని గింజలకు అదనముగా మరియొక గింజను కలుపుడు. ఆ గింజ మొదటి గడిలోని గింజతో చేరి రెండగును; అవి రెండవ గడిలోని రెంటితో చేరి నాలుగగును; అవి మూడవ గడిలోని నాల్గింటితో చేరి ఎనిమిదగును. ఇట్లు ప్రతి గడియు తనకు ముందున్నవానితో కూడి రెట్టింపగుచు పోయి, తుదకు అరువదినాలుగు మారులు రెట్టించిన ఒకటి మాత్రమే మిగులును. కావున ఆ మహాఫలమునుండి ఒకటి తీసివేసిన మన సంఖ్య వచ్చును. అరువదినాలుగు పద్దులను కూడనక్కరలేదు.

రెండవ మెట్టు రెట్టింపుల శ్రమను తగ్గించును. రెంటిని దానితోనే గుణించిన 4, నాల్గింటిని దానితోనే గుణించిన 16, పిదప 256, పిదప 65,536, పిదప 4,29,49,67,296, దానిని మరల వర్గము చేసిన 1,84,46,74,40,73,70,95,51,616. ఆరు వర్గములతో పని ముగిసినది. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూని తన కాలనిర్ణయ గ్రంథమున ఈ వర్గమార్గముననే చదరంగపు లెక్కను తేల్చెను.

ఈ మార్గము మన దేశమున అంతకు చాల పూర్వమే, గణితమున కాక ఛందస్సులో, తెలిసియుండెను. పింగళుని ఛందస్సూత్రములు క్రీస్తునకు పూర్వపువని పలువురు పండితుల మతము. ఒక పాదమున ఇన్ని అక్షరములున్నచో గురులఘువుల కూర్పులెన్ని అను ప్రశ్నకు ఆయన సమాధానము చెప్పెను. అక్షరములు సరిసంఖ్య అయినచో సగము చేయుము. బేసి అయినచో ఒకటి తీసివేయుము. అట్లు శూన్యము వరకు పోయి, మరలి వచ్చునపుడు ఒకటి తీసిన చోట రెట్టింపును, సగము చేసిన చోట వర్గమును చేయుము. అరువదినాల్గింటిని ఈ సూత్రమున కొప్పగించినచో ఆరు మారులు సగమై, ఒకటి మిగిలి, శూన్యమగును. తిరుగు ప్రయాణమున ఒక రెట్టింపు, ఆరు వర్గములు. అల్ బిరూని నడచిన బాట యిదియే. అరువదినాలుగు అక్షరముల పాదమునకు ఎన్ని కూర్పులు కలవో, చదరంగపు గింజలు అంతకంటె ఒకటి మాత్రమే తక్కువ.

ఇక తెలుగువారి వంతు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు చేసిన పావులూరి మల్లనను ఎరుగని సాహిత్యచరిత్ర లేదు. మూలమునందలి జైన ప్రస్తావనలకు మారుగా శైవ ప్రస్తావనలు చేర్చి, పావులూరి గణితమని జనులు పిలుచునట్టి గ్రంథమును ఆయన రచించెను. ఆ గ్రంథమునకు చెందినదిగా ప్రసిద్ధికెక్కిన ఒక చంపకమాలలో చదరంగపు గడుల సంకలితము, ఇరువది అంకెలును, ఒక్కటియు జారక, చెప్పబడియున్నది.

అంకెలను పద్యములో ఇముడ్చుటకు పూర్వులు భూతసంఖ్యల పద్ధతిని వాడిరి. చంద్రుడనిన ఒకటి, కన్నులనిన రెండు, అగ్నులనిన మూడు, వేదములనిన నాలుగు, మన్మథుని బాణములనిన ఐదు, తర్కములనిన ఆరు, పర్వతములనిన ఏడు, దిగ్గజములనిన ఎనిమిది, రంధ్రములనిన తొమ్మిది, ఆకాశమనిన సున్న. ఒక్కొక్క అంకెకు పర్యాయపదములు కావలసినన్ని. అంకెలు కుడినుండి ఎడమకు నడచునని నియమము గనుక, పద్యము ఒకట్ల స్థానమునందలి ఐదుతో, అనగా బాణముతో, ఆరంభమై, మహాశంఖ స్థానమునందలి ఒకటితో, అనగా చంద్రునితో, ముగియును. ఇందొక చిత్రము కలదు. రెండు రెట్ల వలననే పుట్టిన ఈ సంఖ్యలో రెండు అను అంకె మాత్రము ఒక్కచోటనైన లేదు. అందువలన కవికి కన్నులతో పని కలుగలేదు.

ఈ పద్యమున అంతకంటెను గొప్ప చిత్రము మరియొకటి కలదు. చంపకమాల పాదమున ఇరువదియొక్క అక్షరములు. ఇరువదియొక్క అక్షరముల పాదమునకు గురులఘువుల కూర్పులు 20,97,152. వానిలో చంపకమాల ఎన్నవది అను ప్రశ్నకు ఛందశ్శాస్త్రకారులు ఒక ఉపాయము చెప్పిరి. పాదములోని అక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు అంకెలు వ్రాసి, లఘువులపై నున్నవానిని మాత్రము కూడి, ఒకటి కలుపవలెను. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు గదా! ఆ లెక్క చేసినచో లఘువుల మొత్తము 7,11,599. కావున చంపకమాల 7,11,600వ వృత్తము. ఇట్లే ఉత్పలమాల ఇరువది అక్షరముల వృత్తములలో 3,55,799వది. అనగా ప్రతి వృత్తపాదమును ఒక చదరంగపు వరుసయే. లఘువున్న గడిలోని గింజలను మాత్రము ఏరి లెక్కపెట్టిన ఆ వృత్తము యొక్క స్థానము తేలును. చదరంగపు సంఖ్యను చెప్పు పద్యము చదరంగపు రెట్టింపుల వలననే తన స్థానమును పొందిన వృత్తమున నడచుట ఎంత సొగసైన విషయము!

అయినను, ఒక పద్యము వేయేండ్లుగా నోటినుండి నోటికిని, తాటాకునుండి తాటాకునకును నడచి వచ్చినదన్నంత మాత్రమున అందలి అంకెలు సరియైనవని చెప్పవచ్చునా? గణయతిప్రాసలు కొంత కాపలా కాయును. లఘువుండవలసిన చోట గురువు పడినచో చెవి వెంటనే పట్టును. కాని వ్రాయసగాడు వేదమును తీసి దానికి సరిపోవు గణముగల మరియొక మాటను పెట్టినచో ఛందస్సు మౌనము వహించును. అచ్చట గణితము పరీక్షకు దిగవలెను.

పూర్వపు బడులలో నేర్పిన తొమ్మిదుల పరీక్షను చూడుడు. సంఖ్యలోని అంకెలన్నిటిని కూడిన 87 వచ్చును. ఎనిమిదియు ఏడును పదునైదు. ఒకటియు ఐదును ఆరు. ఇక ఆరు వర్గములను ఇట్లే పరీక్షింపుడు. మొదటిది 4. రెండవది 16, అనగా 7. మూడవది 256, అనగా 4. అటుపిమ్మట 7, 4, 7 అని ఊయలవలె ఊగును. తుది వర్గము 7 గనుక ఒకటి తీసిన 6. రెండును సరిపోయినవి. అయితే ఈ పరీక్షకు ఒక లోపము కలదు. రెండంకెలు తమలో తాము స్థానములు మార్చుకొన్నను కూడిక మారదు. దానికి పదునొకండ్ల పరీక్ష మందు. కుడినుండి బేసి స్థానముల అంకెల మొత్తము 62, సరి స్థానముల మొత్తము 25, తేడా 37, పదునొకండుచే భాగించిన శేషము 4. రెండు యొక్క పదవ ఘాతమైన 1,024ను పదునొకండుచే భాగించిన శేషము ఒకటి. కావున అరువదినాల్గవ ఘాతమునకు శేషము నాల్గవ ఘాతమైన 16నకు వచ్చునదే, అనగా 5. ఒకటి తీసిన 4. ఇదియు సరిపోయినది. పొరుగున నున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనచో ఈ పరీక్ష తప్పక పట్టుకొనును. ఈ రెండు పరీక్షలును తప్పులను పట్టు వలలు మాత్రమే. నిర్ణయమునకు ఆరు వర్గములే ప్రమాణము.

ఇక సంఖ్య యొక్క అంతర్నిర్మాణము. ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసివేసినచో, అది ఆ సంఖ్యకు ఒకటి తక్కువను ఒకటి ఎక్కువతో గుణించిన ఫలమగును. పాఠశాలలో నేర్చిన ఈ చిన్న సూత్రమును మన సంఖ్యకు మరల మరల ప్రయోగింపగా అది 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు సంఖ్యల గుణితమని తేలును. పట్టముపై ఈ విభాగము కన్నులకు కట్టునట్లు కానవచ్చును. మొదటి నాలుగు గడుల మొత్తము 15, అది మూడైదులు. మొదటి వరుస ఎనిమిది గడుల మొత్తము 255, అది పదునైదు పదునేడులు. రెండు వరుసల మొత్తము 65,535, అది 255ను 257చే గుణించిన ఫలము. నాలుగు వరుసల మొత్తము 4,29,49,67,295. మొత్తము పట్టము దానిని మిగిలిన చివరి సంఖ్యచే గుణించిన ఫలము.

ఈ చివరి సంఖ్య దగ్గరనే చరిత్రలో ఒక ప్రసిద్ధమైన పొరపాటు జరిగినది. ఫ్రాన్సు దేశమున పియేర్ ద ఫెర్మా తులూజ్ నగరపు ఉన్నత న్యాయస్థానమున రాజోద్యోగి. దినమంతయు వ్యాజ్యముల కాగితములు. తీరిక వేళ గణితము. అట్టి ఉద్యోగి ఆ శతాబ్దపు గణితవేత్తలలో అగ్రగణ్యుడయ్యెను. ఆయన 3, 5, 17, 257, 65,537 అను సంఖ్యలను చూచెను. ఇవి అన్నియు ప్రధానసంఖ్యలు. ఒకటిచేతను తమచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడవు. ఒక్కొక్కటియు దాని ముందరి సంఖ్యనుండి ఒకటి తీసి వర్గము చేసి ఒకటి కలిపిన వచ్చునది. కావున ఈ వరుసలో ఎంత దూరము పోయినను అన్నియు ప్రధానసంఖ్యలే అని ఆయన నమ్మెను. 1640లో మిత్రులకు లేఖలలో ఆ విశ్వాసమును వ్రాసెను. ఉపపత్తి మాత్రము తనకు లభింపలేదని నిజాయితీగా ఒప్పుకొనెను.

తరువాతి సంఖ్యయే 4,29,49,67,297. ఫెర్మా మాటపై గల గౌరవము వలన దాదాపు తొంబది ఏండ్లు దాని సంగతి ఎవరును తేల్చలేదు. 1729లో గోల్డ్‌బాఖ్ అను పండితుడు యువకుడైన ఆయిలరునకు ఈ ప్రశ్నను వ్రాసి పంపెను. 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున ఆయిలరు సమాధానము ప్రకటించెను. ఆ సంఖ్య 641 చేత నిశ్శేషముగా భాగింపబడును, భాగఫలము 67,00,417. ఐదు మారులు నిజమైన నియమము ఆరవ మారు నిలువలేదు.

భాగహారము చేయకయే 641 సంగతి తెలిసికొనుటకు ఒక సుకుమారమైన ఉపపత్తి కలదు. 641 అనగా 625నకు 16 కలిపినది. ఇందు 625 ఐదు యొక్క నాల్గవ ఘాతము. 16 రెండు యొక్క నాల్గవ ఘాతము. మరియు 640 అనగా ఐదును 128చే గుణించినది. 128 రెండు యొక్క ఏడవ ఘాతము. కావున 640 యొక్క నాల్గవ ఘాతము 625ను రెండు యొక్క ఇరువదియెనిమిదవ ఘాతముచే గుణించిన ఫలము. రెండు యొక్క ముప్పదిరెండవ ఘాతము 16ను అదే ఇరువదియెనిమిదవ ఘాతముచే గుణించిన ఫలము. ఈ రెంటిని కూడిన 641 పూర్తిగా బయటపడును, శేషము లేదు. 640 అన్నది 641నకు ఒకటి తక్కువ గనుక దాని నాల్గవ ఘాతమును 641చే భాగించిన శేషము ఒకటి. కావున ఆ శేషమైన ఒకటిని రెండు యొక్క ముప్పదిరెండవ ఘాతమునకు కలిపినను శేషము ఉండదు. ఆ కూడికయే 4,29,49,67,297. పెన్సిలు పట్టగల ప్రతి హైస్కూలు విద్యార్థియు దీనిని నడిపింపవచ్చును.

ఇందొక విచారకరమైన విశేషము కలదు. ఈ సంఖ్యను భాగింపగల ప్రధానసంఖ్య ఏదైనను అరువదినాల్గింటి గుణిజమునకు ఒకటి ఎక్కువగా నుండవలెను. ఈ నియమము ఫెర్మా స్వయముగా కనుగొన్న మరియొక సిద్ధాంతమునుండియే తేలును. అట్టి ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదు భాగహారములతో ఆయనయే సత్యమును కనుగొనియుండవచ్చును. వానిని తప్పకుండ చేయించుటకు వలసిన సందేహము మాత్రము ఆయనకు కలుగలేదు.

ఆయిలరు తరువాత మన సంఖ్య స్వరూపము పూర్తిగా విడివడినది. దాని ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కటియు రెండవ మారు రాదు. ఈ ఏడింటిలో ఏవైన కొన్నిటిని ఏరి గుణించుట వలన వచ్చు భాజకములు, ఒకటితోను తనతోను కూడ, సరిగా 128. మొదటి వరుస చివరి గడిలోని గింజలును 128యే.

ఫెర్మా విశ్వాసము చెడినను ఆయన సంఖ్యలు వ్యర్థము కాలేదు. 1796 మార్చి 30న, ఇంకను పందొమ్మిదేండ్లు నిండని గౌస్, గీతలు లేని బద్దతోను వృత్తలేఖినితోను పదునేడు భుజముల క్రమబహుభుజిని నిర్మింపవచ్చునని కనుగొనెను. గ్రీకుల నాటినుండి ఎవరికిని తోచని విషయమది. 1801లో ఆయన ప్రకటించిన గ్రంథమునుబట్టియు, 1837లో వాంట్జెల్ పూర్తిచేసిన ఉపపత్తిని బట్టియు, భుజముల సంఖ్య బేసి అయినచో అది వేర్వేరు ఫెర్మా ప్రధానసంఖ్యల గుణితమైననే అట్టి నిర్మాణము సాధ్యము. నేటికి తెలిసిన ఫెర్మా ప్రధానసంఖ్యలు మొదటి ఐదే. ఆయిలరు విరిచినది మొదలుకొని తరువాతి ఇరువదియెనిమిదింటిలో ఒక్కటియు ప్రధానసంఖ్య కాదని తేలినది. ఆ ఐదింటి గుణితము 4,29,49,67,295. చదరంగపు పట్టములో సరిగా సగము నిండిన గింజలు! బేసి భుజములుగల బహుభుజులలో నిర్మాణసాధ్యమని నేటికి తెలిసిన మిక్కిలి పెద్దదానికి అన్ని భుజములు.

1883లో ఎడ్వార్డ్ ల్యూకా అను ఫ్రెంచి గణితవేత్త ఒక ఆటవస్తువును ప్రకటించెను. మూడు కడ్డీలు, ఒకదానిపై చిన్నవి పెద్దవానిపై నుండునట్లు పేర్చిన బిళ్ళలు. ఒక మారు ఒక్కదానినే తీసి, చిన్నదానిపై పెద్దది పెట్టక, అన్నిటిని వేరొక కడ్డీకి మార్చవలెను. కాశీలోని ఆలయమున అరువదినాలుగు బంగారు బిళ్ళలను పూజారులు అహోరాత్రములు మార్చుచున్నారనియు, పని ముగిసిన నాడు ప్రపంచము ముగియుననియు ఆ ఆటతోపాటు ఒక కథ ప్రచారమైనది. కాశీలో ఆ కథను ఎరిగినవారు లేరు. అది ఫ్రాన్సులో అల్లినది. కావలసిన కదలికలు మాత్రము కల్పన కాదు. అవి సరిగా మన సంఖ్యయే.

నేటి కంప్యూటర్లును ఈ పట్టము మీదనే నడచుచున్నవి. అరువదినాలుగు బిట్లలో నిలువగల పెద్ద సంఖ్య ఇదియే. దానికి ఒకటి కలిపినచో, మోటారుబండి దూరపు మీటరు తొమ్మిదులన్నియు దాటి సున్నలకు తిరిగినట్లు, యంత్రము సున్నను చూపును. సంకలితమును సాధించుటకు మనము కలిపిన ఆ అదనపు గింజయే ఇచ్చట యంత్రమును మొదటికి తెచ్చుచున్నది. పాత యంత్రములు పలువానిలో 1970 జనవరి 1నుండి గడచిన సెకండ్లను ముప్పదియొక్క గడులలో పట్టునంతవరకే లెక్కించు ఏర్పాటున్నది. ఆ మొత్తము 2,14,74,83,647. గ్రీనిచ్ కాలమున 2038 జనవరి 19 తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషముల 7 సెకండ్లకు ఆ గడులు నిండును. జీతముల పట్టికలు, పింఛను ఫైళ్ళు, రైలు టిక్కెట్లు యంత్రముల మీద నడచు ఈ కాలమున గడులు ఎన్ని అన్నది వినోదపు ప్రశ్న కాదు. అరువదినాలుగు బిట్లకు మారిన యంత్రములలో ఆ గడువు వేల కోట్ల ఏండ్ల దూరమునకు జరిగినది.

ఇన్ని దేశములు, ఇన్ని శతాబ్దములు తిరిగి వచ్చిన ఈ సంఖ్య చెప్పు మాట ఒకటి కలదు. కార్యాలయములలో పూర్వనిదర్శనమునకు గల గౌరవము అందరును ఎరిగినదే. ఐదు మారులు ఇట్లు జరిగినది గనుక ఆరవ మారును ఇట్లే జరుపవచ్చునని వ్రాసిన ఫైలు సులభముగా నడచును. పరిపాలనలో అది కొంతవరకు తప్పదు. సత్యము విషయమున మాత్రము పూర్వనిదర్శనము దారి చూపునే గాని తీర్పు చెప్పదు. ఫెర్మా అంతటివాని మాటయు 641 ముందు నిలువలేదు. ఆయిలరు చేసినది ధిక్కారము కాదు, భాగహారము.

ఇదే మాట మనవారి వారసత్వమునకును వర్తించును. స్వస్థలమునకు దూరముగా ఢిల్లీలోను, ఇతర నగరములలోను పెరుగుచున్న ఆంధ్రుల బిడ్డలకు పూర్వుల ఘనతను చెప్పవలెనన్న ఆర్తి ప్రతి యింటను ఉన్నది. మనవారికి అన్నియు తెలియునని వేయి మారులు చెప్పినను పిల్లలు వినరు; విన్నను నిలువదు. మల్లన పద్యమునకు అట్టి సిఫారసు అక్కరలేదు. అది పరీక్షకు సిద్ధముగా నిలిచియున్నది.

ఒక సెలవుదినమున తల్లిదండ్రులు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక కాగితము మీద రెంటిని ఆరు మారులు వర్గము చేయింపవలెను. యంత్రము నొక్కనీయక చేతితోనే చేయింపవలెను. ఒకటి రెండు తప్పులు వచ్చినను దిద్దుకొననీయవలెను. తుదిని ఒకటి తీసివేయింపవలెను. మరియొక కాగితము మీద మల్లన పద్యమును వ్రాయించి, బాణమునకు ఐదు, చంద్రునకు ఒకటి, ఆకాశమునకు సున్న అని మాట మాటకు అంకె వేయించి, ఎడమకు నడిపింపవలెను. అటుపిమ్మట రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టవలెను. ఇరువది అంకెలును కలిసిన క్షణమున ఆ బిడ్డకు తెలుగు పద్యము మీద కలుగు నమ్మకము ఎవరో చెప్పగా వచ్చినది కాదు, తాను లెక్క కట్టి తెచ్చుకొన్నది.

స్వస్తి.